సూటు మడతలో రూపాయి బిళ్ళ

అయినా ఏడు కుట్లే కదా, ఏడు కుట్లకు ఏమవుతుంది అనుకుంటూ సుగుణమ్మ చిక్కుడుకాయను ఈనె తీయకుండానే తుంచి గిన్నెలో వేసింది, వేసినదాన్ని మళ్ళీ వెతికి తీసింది, ఈనె లాగింది, ఏడు కుట్లు, కోడలు రూప జాకెట్లు కుట్టే డబ్బాలోంచి తీసిన మామూలు తెల్లదారం, లోపలి గదిలో మంచం మీద మనవరాలి బ్యాగు, బ్యాగులో రేసు సూటు, సూటు ఎడమ చేతి లోపలి మడతలో రూపాయి బిళ్ళ, అది అక్కడ ఉందని ఈ ఇంట్లో తనకు తప్ప ఎవరికీ తెలియదు, పొద్దున పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు కుట్టింది, కుట్టి జిప్పు లాగి ఏమీ ఎరగనట్టు చాయ్ పెట్టింది, అప్పటిదాకా గుండె ఎంత హాయిగా ఉందో, ఆ తర్వాత గదా వసారాలో కొడుకు సోమశేఖర్ అనడం, పేరు కుట్టిద్దామా బిడ్డా సూటు మీద, మీ మమ్మీకి మిషన్ మీద ఐదు నిమిషాల పని, దానికి ఆశ్రిత, వద్దు డాడీ, దానికి సూది గూడ తాకొద్దు, అది నిప్పంటని బట్ట, మామూలు దారమైతే మంటకు కరిగి చర్మానికి అతుక్కుంటది, ట్రాక్ కాడ సూటు లోపలంత తిరగేసి చూస్తరు, ఏమన్న కనపడితే కారు ఎక్కనియ్యరు, అంది, నవ్వుతూనే అంది, చర్మానికి అతుక్కుంటది అనే మాట నవ్వుతూ ఎట్లా అనగలదు ఈ పిల్ల, గోడ గడియారంలో పన్నెండున్నర, కాచిగూడలో రైలు నాలుగింటికి.

నాలుగింటి రైలు ఎక్కితే రేపు పొద్దునకు మద్రాసు, ఎల్లుండి నుంచి మూడు రోజులు టెస్టింగ్, ఆ తర్వాత వారానికి సీజన్ మొదలు, ఐదు రౌండ్లు, పాలవాళ్ళిచ్చిన క్యాలెండర్ మీద ఆశ్రిత ఎర్ర పెన్నుతో ఐదు చోట్ల గుండ్రాలు చుట్టింది, చుట్టి, చూడు నానమ్మా, గిదే నా సీజన్, అంది, సీజన్ అంటే సుగుణమ్మకు మామిడికాయల సీజన్ తెలుసు, పెళ్ళిళ్ళ సీజన్ తెలుసు, ఈ సీజన్ అంటే ఐదుసార్లు ఈ గడప దాటుతుంది పిల్ల, ఐదుసార్లు తను వీధి మలుపు దాకా చూస్తూ నిలబడాలి, ఏం బండి అది, తలుపు లేదు, పైకప్పు లేదు, నాలుగు చక్రాలూ నాలుగు దిక్కులకు బయటికే ఉంటాయి, వానొస్తే వాన మీదనే పడుతుంది, కిషన్‌బాగ్‌లో సోమశేఖర్ స్కూటర్లు బాగుచేసే షెడ్డులో పక్క డబ్బా మీద కూర్చుని పదేళ్ళప్పుడే కార్బురేటర్ విప్పిన పిల్ల, చిన్న కార్ట్ రేసుల్లో గెలిచింది, టీమ్ వాళ్ళు ముప్పై మందికి పరీక్ష పెట్టి ఇద్దరిని తీసుకుంటే అందులో ఒకతి అయింది, పదిహేడేళ్ళు, గౌలిపుర గల్లీలో అందరూ మిఠాయి తిన్నారు, సుగుణమ్మ కూడా తిన్నది, తింటూనే ఉంది, మనసులో మాత్రం ఆ కంప్యూటర్, అదే, పిల్ల గదిలో స్టీరింగ్ బిగించి ట్రాక్ నేర్చుకునే కంప్యూటర్, అందులో బండి గోడకు కొడుతుంది, ముక్కలవుతుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది, అయ్యో బిడ్డా అంటే, ఏంగాదు నానమ్మా, ఒకటి నొక్కితే మళ్ళ పుడుత, అంటుంది, ఆ మాటకు ఆ రోజు అన్నం సహించలేదు, మెడ గట్టిపడాలని తలకు రబ్బరు పట్టీ కట్టుకుని రెండో కొస తనకిచ్చేది, గట్టిగ గుంజు నానమ్మా, గిట్ల గుంజితే దోమ గూడ కదలదు, తను గుంజేది, గుంజుతూ గుంజుతూ వదిలిపెట్టాలంటే భయమేసేది.

వదిలిపెట్టడమే ఎప్పుడూ చేతకాలేదు, పెనిమిటి ఎల్లయ్యను మాత్రం వదిలిపెట్టినట్టు కూడా తెలియకుండా వదిలింది, సైకిల్‌కు రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని, పోయొస్తనే సుగుణా, అన్నాడు, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, వెనక్కి తిరిగి చూడలేదు, ఊఁ అన్నది అంతే, మలుపులో లారీ, రోజూ పోయే మనిషికి ఎవరైనా ఇమామ్ జామిన్ కడతారా, దూరం పోయేవాళ్ళకు కదా కట్టేది, పక్కింటి తాహెరా ఆపా నేర్పింది అది, గుడ్డపీలికలో రూపాయి బిళ్ళ చుట్టి, దండచేతికి కట్టి, అల్లా హాఫిజ్ అని ఆపా అనేది, ఎల్లమ్మ తల్లి నీకు తోడు అని తను అనేది, చేరిన మనిషి దాన్ని విప్పి ఎవరైనా బీదవాళ్ళకు ఇచ్చెయ్యాలి, ఆపా అది కూడా చెప్పింది, తను వినడం విన్నది గాని కట్టడం వరకే మనసులో పెట్టుకున్నది, అక్క ఆండాలు పెళ్ళై షోలాపూర్ బస్సెక్కినప్పుడు కూడా కట్టింది, బస్సు కిటికీలోంచి అక్క చెయ్యి ఊపితే పచ్చ పీలిక కనపడింది, అదే ఆఖరు, ఉత్తరం వచ్చింది తర్వాత ఏడాదికి, అప్పుడు తనకు చదువు రాదు, కిరాణా దుకాణం శ్రీహరిరావు ఊళ్ళో లేడు, మూడు రోజులు ఆ కార్డు దేవుడి పటం వెనక దాచుకుంది, శ్రీహరిరావు వచ్చి చదివాడు, జరం తగ్గుతలేదు సుగుణా, ఒకసారి వచ్చి చూసిపో, పోయేసరికి అక్క లేదు, ఆ తర్వాతే బస్సు బోర్డుల మీద, బజ్జీల పొట్లాల మీద, గోడల మీద ఒక్కొక్క అక్షరం పట్టుకుని చదువు నేర్చింది, ఇక ఏ కాగితమూ తనను మోసం చెయ్యకూడదని, ఇప్పుడు పేపరు మొదటి నుంచి చివరి దాకా చదువుతుంది, ఐదో పేజీలో ప్రమాదాలు రెండుసార్లు చదువుతుంది, ఇంత చదివీ ఈ రోజు ఏం చేసింది, అడగకుండా, చదవకుండా, ఆ నిప్పంటని బట్టకు సూది పెట్టింది.

చిక్కుడుకాయలు అక్కడే వదిలి లేచింది, రూప వంటింట్లో పులిహోర కలుపుతోంది, సోమశేఖర్ ఆటో మాట్లాడడానికి పోయాడు, ఆశ్రిత డాబా మీద ఫోనులో ఎవరితోనో నవ్వుతోంది, మెల్లిగా లోపలికి పోయి బ్యాగు జిప్పు లాగింది, ఇంత మెల్లిగా లాగినా జిప్పు అరిచింది, సూటు తీసింది, బరువుగా ఉంది, కొత్త బట్ట వాసన, కత్తెర కొసతో ఒక కుట్టు, రెండో కుట్టు, మూడోది తెగుతుంటే కళ్ళద్దాలు జారాయి, దారం వస్తోంది గాని చిల్లులు పోవడం లేదు, చిన్న చిన్న చిల్లులు, వరసగా, చీమలు బారు కట్టినట్టు, లోపలంత తిరగేసి చూస్తరు అన్నది కదా, చూస్తే కనపడవా ఇవి, ఎవరు కుట్టారు అంటే ఏం చెప్పుకుంటుంది పిల్ల, నాకు తెల్వదు అంటుంది, నిజంగానే తెలియదు, నిజం చెప్పినా అబద్ధంలా ఉంటుంది, కారెక్కనియ్యరు, ఇంటికి పంపిస్తారు, పంపిస్తే, పంపిస్తే ఇంటికి వచ్చేస్తుంది కదా, క్షేమంగా, ఎక్కడి నుంచి వచ్చింది ఈ ఆలోచన, లోపల ఇన్నాళ్ళూ ఇదే కూర్చుని ఉందా, చప్పుడు చెయ్యకుండా జిప్పు పెట్టేస్తే సరి, అన్నీ తనకు కావలసినట్టే జరుగుతాయి, పిల్ల ఏడుస్తుంది, ఏడ్చినా కళ్ళ ముందు ఏడుస్తుంది, చెయ్యి జిప్పు మీద ఆగిపోయింది, దేవుడి పటం వెనక మూడు రోజులు కార్డు, చెప్పకుండా దాచిన కాగితం, అప్పుడు చదువు రాక దాచింది, ఇప్పుడు అన్నీ తెలిసి దాస్తే.

ఆశ్రితా, అని పిలిచింది, మళ్ళీ పిలిచింది, ఏంది నానమ్మా అంటూ పిల్ల రెండేసి మెట్లు దిగి వచ్చింది, సూటును చూసింది, కత్తెరను చూసింది, ముఖం తెల్లబడింది, నానమ్మా ఏం జేసినవ్, బిళ్ళ కుట్టిన బిడ్డా, దండచేతికి కట్టనియ్యరంటివి గదా, కమ్మలు గూడ తీసేయాలంటివి, గందుకని లోపల కుట్టిన, నాకు తెల్వక చేసిన, ఆశ్రిత మంచం అంచున కూర్చుని మడత తిప్పి చూసింది, చిల్లుల మీద వేలు పెట్టి ఒకటి, రెండు అని పెదవులు కదిలించింది, రూప వచ్చి, అత్తమ్మా, గిదేం పని, ఒక్క మాట అడగొద్దా నన్ను, అని నెత్తి కొట్టుకుంది, రూప కొట్టుకున్నా బాధ లేదు, పిల్ల మాట్లాడకపోవడమే, అప్పుడు ఆశ్రిత ఫోను తీసి స్పీకర్ పెట్టింది, మద్రాసులో ఉండే టీమ్ ఇంజనీరు, కృపాకర్ అన్నా, ఒక లొల్లి అయింది, సూటుకు లోపల కుట్లు పడ్డయ్, ఎవరు వేసిన్రు, మా నానమ్మ, దానికి కృపాకర్, కుట్లు తీసేసి తీసుకురా, దాచొద్దు, మనమే చూపిద్దాం, వాళ్ళు వద్దంటే టీమ్‌లో పాత సూటు ఒకటుంది, నీకు వదులుగా ఉంటది, బెల్టులో సర్దుకుందాం, ఇప్పుడే చెప్పినవ్ గనక సరిపోయింది, అక్కడ దొరికితే రోజంతా పోయేది, మీ నానమ్మకు నమస్తే చెప్పు, ఇంకేమన్న కుట్టిందేమో అడుగు, అన్నాడు, ఆశ్రితకు నవ్వు ఆగలేదు, నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు, ఇంకేమన్న కుట్టినవా నానమ్మా, హెల్మెట్‌ల నిమ్మకాయ గిట్ల పెట్టలే గదా, లేదు బిడ్డా, ఎల్లమ్మ తోడు, అన్నది సుగుణమ్మ, మిగిలిన నాలుగు కుట్లు పిల్లే కోసింది, బిళ్ళ ఊడి మంచం కింద పడి దొర్లింది, వంగి వెతికి తెచ్చి అరచేతిలో పెట్టింది, పెట్టి, ఎడమ చెయ్యి చాపింది, కట్టు, కారు ఎక్కేదాక ఉంచుకుంట, ఎక్కేముందు ఇప్పి గేటు కాడ ఎవరికన్న ఇస్త, గట్లనే గదా చెయ్యాలె, తాహెరా నానీ చెప్పింది నాకు గూడ.

ఇప్పి ఇస్త, ఎంత తేలిగ్గా అన్నది, రూప కుట్టగా మిగిలిన జాకెట్ల ముక్కల్లోంచి తను పచ్చ పీలిక తీసి బిళ్ళ చుట్టి దండచేతికి తిప్పుతుంటే, ఆ సన్నటి చెయ్యి కార్టు నడిపి నడిపి రాయిలా గట్టిపడిందని సుగుణమ్మ వేళ్ళకు తెలిసింది, ముడి వేసింది, అలవాటుగా రెండోసారి బిగించబోయి ఆగింది, అక్క కార్డులో జరం కంటే ముందు ఇంకో వాక్యం ఉంది, శ్రీహరిరావు అది కూడా చదివాడు, తను తర్వాత చదువు నేర్చాక ఎన్నోసార్లు చదివింది, చదివి ప్రతిసారీ దాటేసింది, నువ్వు కట్టిన బిళ్ళ షోలాపూర్ బస్టాండుల దిగంగనే ఇప్పి ఒక ముసలామెకు ఇచ్చిన సుగుణా, నవ్వుకుంట తీసుకుంది, అక్క చేరింది, ఆ రోజు మంచిగానే చేరింది, విప్పింది గనక చేరినట్టు, ఆ మాట రాయాలనే కార్డు మొదలుపెట్టింది, జరం తర్వాతి సంగతి, తను కట్టిన ముడి చేయవలసిన పని చేసింది, ఇన్నేళ్ళూ తను విప్పని ముడి కోసం వెతికింది, విప్పకుండా ఉండాలనే ఈ పొద్దున సూది పట్టింది, బయట ఆటో హారన్ కొట్టింది, అమ్మా టైమైతున్నది, అని సోమశేఖర్ కేక, ఏమైంది నానమ్మా, గట్టిగ కట్టవా, అన్నది ఆశ్రిత, వద్దు బిడ్డా, అన్నది సుగుణమ్మ, రెండో ముడిని వదిలి, పీలిక కొస ఒకటి పిల్ల కుడిచేతికి అందేంత పొడుగ్గా బయటికి లాగి పెట్టింది, ఒక్క చేత్తో, ఎవరి సాయమూ లేకుండా, తనే విప్పుకోగలగాలి అని.