పట్టపగలు నిద్రపోతున్న పిల్లలు

ఇక సెలవు ఇవ్వలేమని ఆఫీసులో తేల్చి చెప్పేశాక, ఫర్హానా తన పది నెలల కూతురు చిన్నిని ప్రేమకుమారి ఇంట్లో వదలడం మొదలుపెట్టింది. కె.ఆర్.పురంలో వాళ్ళ ఇంటికి రెండు వీధుల అవతలే. ప్రేమకుమారి గోడలకి బొమ్మలంటించి, ఆరుగురు పిల్లల్ని పగలంతా చూసుకునేది. నేల అద్దంలా ఉండేది. 2003లో ఆ చుట్టుపక్కల అంతకంటే శుభ్రమైన చోటు లేదని అందరూ చెప్పారు.

మొదటి వారం చిన్ని గేటు దగ్గరే గుక్కపట్టి ఏడ్చింది. రెండో వారం సాయంత్రాలు నిద్రలోనే ఇంటికి వచ్చేది. ఎత్తుకుంటే తల భుజం మీద బరువుగా వాలిపోయేది. పాలు సగం తాగి మళ్ళీ పడుకునేది.

"అలవాటు పడిందిలే," అన్నాడు భర్త రియాజ్. అతను ఎలక్ట్రానిక్ సిటీ నించి ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటేది. "ఏడిస్తే ఏడుస్తోందని బెంగ. పడుకుంటే పడుకుంటోందని బెంగ."

ఫర్హానాకి మర్నాడు ఆఫీసులో ఒకే మెయిల్ నాలుగుసార్లు చదివినా తలకెక్కలేదు. పదకొండింటికి ఒంట్లో బాగాలేదని చెప్పి ఆటో ఎక్కింది.

బెల్లు కొట్టిన చాలాసేపటికి ప్రేమకుమారి తలుపు సగం తీసింది. "ఇప్పుడొచ్చారేంటి మేడమ్? పిల్లలు డిస్టర్బ్ అవుతారు."

"ఒకసారి చూసి వెళ్తాను ఆంటీ."

"సాయంత్రం రండి."

ఫర్హానా ఆమెని తప్పించుకుని లోపలికి నడిచింది. వెనక గదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. ఆరుగురూ ఒకే చాప మీద వరసగా పడుకుని ఉన్నారు. పక్కింటి భవ్య కొడుకు లలిత్ పెదవి మీద ఈగ తిరుగుతున్నా కదలడం లేదు. చిన్నిని ఎత్తుకుంటే చెయ్యి వేలాడిపోయింది. "చిన్నీ," అని బుగ్గ తట్టింది. కళ్ళు కాస్త తెరుచుకుని, ఎటూ చూడకుండానే మూసుకుపోయాయి. నోటి దగ్గర తియ్యటి మందు వాసన.

"ఏం పట్టారు?"

"జలుబుగా ఉందని సిరప్ ఇచ్చా. అందరూ ఇచ్చేదే."

"ఆరుగురికీ జలుబేనా?"

ప్రేమకుమారి చూపు కిటికీ వైపు పోయింది. కిటికీలో ఉన్న సీసా తీసుకుని ఫర్హానా బయటికి పరుగెత్తింది.

పిల్లల డాక్టరు సీసా చూసి, చిన్ని గుండె విని, కంట్లో లైటు వేశాడు. "మత్తు తెచ్చే మందు. ఊపిరి బాగానే ఉంది. లేచేదాకా ఇక్కడే ఉంచండి. మిగతా పిల్లల సంగతీ చూడాలి."

ఫర్హానా క్లినిక్ ఫోను నించి ముందు భవ్యకి, తర్వాత రియాజ్‌కి చేసింది. భవ్య మిగతా తల్లులందరికీ కబురు పెట్టింది. ఆ తర్వాత ఫర్హానా చేయగలిగిందల్లా కూతురి పొట్ట మీద చెయ్యి ఉంచి, అది పైకి లేస్తోందా లేదా అని చూస్తూ కూర్చోవడమే. రెండున్నరకి లలిత్‌ని భుజాన వేసుకుని భవ్య వచ్చి పక్కన కూలబడింది.

"వీడు ఇబ్బందే పెట్టడు, హాయిగా నిద్రపోతాడు అని ఊరంతా చెప్పుకున్నానండి," అంది.

నాలుగు దాటాక చిన్ని లేచి ఏడ్చింది. ఫర్హానా కూడా ఏడ్చింది. అప్పుడే లోపలికొచ్చిన రియాజ్ కూతురి పాదం పట్టుకుని నిలబడిపోయాడు.

పిల్లలందరూ తేరుకున్నాక, తల్లులు పోలీసు స్టేషన్‌కి వెళ్ళి ఫిర్యాదు చేశారు. ప్రేమకుమారి గేటుకి తాళం పడింది. కానీ ఆఫీసు ఆగదు. వారం తర్వాత ఫర్హానా, దగ్గర్లోనే పిల్లల్ని చూసుకునే పార్వతమ్మ ఇంటికి వెళ్ళింది. వాళ్ళు తరాలుగా ఆ కన్నడ ఊళ్ళోనే ఉంటున్న తెలుగువాళ్ళు. ఇల్లంతా గోల. నేల మీద మరమరాలు, ఒక మూల తడిసిన లాగు.

"జ్వరమొస్తే ఏం మందిస్తారు?" అని అడిగింది ఫర్హానా.

"నేనేమీ ఇయ్యను. నీకు ఫోన్ చేస్తా. నువ్వు రాకుంటే మళ్ళా చేస్తా."

"ఏడిస్తే?"

"ఎత్తుకుంటా. ఇంకేం చేస్తారప్పా?"

ఫర్హానా వంటగది చూసింది. మెట్లు చూసింది. పెరట్లో నీళ్ళ సంపు రేకుమూతని కాలితో జరిపితే సులువుగా జరిగింది. "పిల్లలు తోసినా జరిగిపోతుంది కదా," అంది.

పార్వతమ్మ ముఖం చిన్నబోయింది. వంగి మూతని తన చేత్తో జరిపి చూసింది. "నిజమే. ఇన్నేండ్లుగా ఇట్లే ఉండాది, నాకు తోచనే లేదు. తాళం ఏపిస్తా. నువ్వొచ్చి చూసినాకే పిల్లని తీసుకురా."

రెండు రోజులకి ఫర్హానా వచ్చి చూసింది. కొత్త ఇనప మూత, దానికి తాళం. రెండు చేతులతో లాగినా కదల్లేదు.

సోమవారం చిన్నిని అప్పగించి వీధి మలుపు దాకా వెళ్ళింది. ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఫర్హానా వెనక్కి పరుగెత్తి తీసి ఉన్న తలుపులోంచి చూసింది. చిన్ని పార్వతమ్మ చంకలో ఉంది. కన్నీళ్ళు బుగ్గల మీదే ఉన్నాయి. నోట్లో అరటిపండు కుక్కుకుని, కింద కొట్టుకుంటున్న ఇద్దరు పిల్లల్ని కళ్ళింత చేసుకుని చూస్తోంది.

"మధ్యాన్నం గూడా వచ్చి చూసుకో," అంది పార్వతమ్మ, వెనక్కి తిరక్కుండానే.

ఫర్హానా మధ్యాహ్నం వచ్చింది. మర్నాడూ వచ్చింది. చిన్ని మెలకువగానే ఉంది.