నల్ల పొడి

ఆ పరిశోధన కేంద్రంలో అక్కది పై అంతస్తు, తమ్ముడిది కింది అంతస్తు. ఆవిడది జీవశాస్త్రం, అతనిది రసాయనశాస్త్రం. కంటికి ఆనని కార్బన్ గొట్టాలను అతను నల్లటి పొడిగా తయారుచేస్తే, దానికి మందు పట్టించి ఎలుకల ఊపిరితిత్తుల్లోకి పంపి చూడటం ఆవిడ పని.

"పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నది నిన్ను చూసేనక్కా" అని ఏడిపించేవాడు.

చలికాలం మొదట్లో ఎలుకలు నీరసించసాగాయి. చచ్చినవాటి ఊపిరితిత్తులను పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టిందావిడ. మెత్తగా ఉండాల్సిన కండ గట్టిపడి మచ్చలు కట్టింది. మచ్చల నడుమ నల్లటి నలుసులు. మందు కలపని ఉత్త పొడి ఇచ్చిన ఎలుకల్లోనూ అంతే. వానాకాలం నుంచీ తమ్ముణ్ణి వదలని దగ్గు గుర్తొచ్చింది.

పరుగున కిందికి దిగింది. అతను బల్ల మీద పొడి తూస్తున్నాడు. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. పక్కనే గాలి లాగే అద్దాల గూడు ఖాళీగా ఉంది.

"అందులో తూయొచ్చు కదరా!"

"ఫ్యాను గాలికి పొడి ఎగిరిపోతుందక్కా, తూకం నిలవదు. ఇన్నేళ్లూ ఇలాగే తూశా, నాకేమైంది?" అంటూనే దగ్గాడు.

ఆసుపత్రికి లాక్కెళ్లింది. స్కాన్ చూసిన డాక్టరు ఊపిరితిత్తిలోంచి చిన్న ముక్క తీయించాడు. తానూ దాన్ని మైక్రోస్కోపు కింద చూస్తానని పట్టుబట్టి చూసిందావిడ. అవే మచ్చలు, అవే నలుసులు. ముదిరిపోయింది, నయం కాదన్నాడు డాక్టరు.

"ఎలుకల మాట పట్టుకుని కేంద్రాన్ని బజారుకీడుస్తారా?" అన్నాడు డైరెక్టరు, ఇదంతా రాసి బయటపెడతానని ఆవిడ చెప్పగానే.

"ఎలుకల మాట కాదండీ, మా తమ్ముడి మాట."

తమ్ముడే అడ్డం పడ్డాడు. "రాయొద్దక్కా. ఎలాగూ పోయేవాణ్ణి, నా పనైనా మిగలనీ."

మింగలేక కక్కలేక నలిగిపోయింది. కానీ ఇప్పుడు అదే బల్ల దగ్గర అతని విద్యార్థిని పొడి తూస్తోంది. అది చూశాక ఇక ఆగలేదు. ఉన్నదున్నట్టు రాసి అందరికీ పంపింది. ఆ గదికి తాళం పడింది. తమ్ముడు ఆవిడతో మాట్లాడటం మానేశాడు.

అక్కడ పనిచేసినవాళ్లందరికీ స్కాన్లు తీశారు. ఆ విద్యార్థిని ఊపిరితిత్తుల్లోనూ చిన్న మచ్చ కనబడింది. ఆ సంగతి తమ్ముడికి చెప్పక తప్పలేదు. ఆక్సిజన్ గొట్టంతో పడుకున్న తమ్ముడు ఆవిడ వైపు తిరిగాడు.

"దానికి తగ్గుతుందా అక్కా?"

"ముదరకుండా ఆపొచ్చంటున్నారు."

"బల్ల మీద తూయడం దానికి నేర్పింది నేనే" అన్నాడు.

ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు. మళ్లీ వానలు పడకముందే పోయాడు.