ఎడమ చుట్టు

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఆరో అంతస్తులో, ప్రశాంతి తెర మీద నలభై ప్లాట్లు కనిపించాల్సి ఉంది. ఒక్కటీ కనిపించలేదు. క్లబ్‌హౌస్ కట్టబోయే చోట ఒక దీర్ఘచతురస్రం మాత్రం కనిపించింది. పొడవు నాలుగు అడుగుల చిల్లర, వెడల్పు రెండు.

ప్రశాంతి గ్రాఫిక్స్ ప్రోగ్రామర్. తెల్లాపూర్ అవతల ఒక బిల్డర్ వేస్తున్న లేఅవుట్‌ను కొనేవాళ్లకు తెర మీద చూపించే ప్రోగ్రాం రాస్తోంది. సర్వేవాళ్లు ప్రతి ప్లాటు మూలల్లో జీపీఎస్ కర్ర నిలిపి బిందువులు తీసుకుంటారు. అవి తీసిన వరసలోనే ఫైల్లో వస్తాయి. ప్రోగ్రాం నాలుగు బిందువులు తీసుకుని రెండు త్రిభుజాలు గీస్తుంది. రెండూ కలిస్తే ప్లాటు.

టీమ్ లీడ్ రవికిరణ్ వెనక నుంచి తొంగిచూశాడు.

“నాలుగడుగుల ప్లాటా! ఈఎంఐ కూడా తక్కువే పడుతుంది. మూడింటికి క్లయింటుకి ఇదే చూపిద్దామా?”

“ఆగండి సార్. బిందువుల వరసలో తేడా ఉన్నట్టుంది.”

త్రిభుజానికి ముందువైపు, వెనకవైపు ఉంటాయి. బిందువులు గడియారం ముల్లుకు ఎదురుగా తిరిగితే ప్రోగ్రాం దాన్ని ముందువైపు అనుకుని గీస్తుంది. ముల్లుతోపాటు తిరిగితే వెనకవైపు అనుకుని వదిలేస్తుంది. ఫైల్లో ప్లాట్లన్నీ ముల్లుతోపాటు తిరిగాయి. చిన్నది ఒక్కటే ఎదురు తిరిగింది. ప్రశాంతి దిశ మార్చి చూసింది. ప్లాట్లు వచ్చాయి, చిన్నది పోయింది. ఏ వైపునూ వదలొద్దని ప్రోగ్రాంకు చెప్పింది. అప్పుడు అన్నీ వచ్చాయి.

ఆమె సర్వే కంపెనీలో కర్ర మోసే వీరేశానికి ఫోన్ చేసింది.

“అన్నా, ప్లాట్ల చుట్టూ ఎటు తిరిగి పాయింట్లు తీసుకున్నారు?”

“కుడిచెయ్యి లోపటికి వెట్టి తిరిగిన మేడం. గుడి సుట్టు తిరిగినట్టు.”

“అన్నిటికీ అంతేనా? క్లబ్‌హౌస్ దగ్గర ఒకదానికి ఎడమకు తిరిగారండి.”

వీరేశం నవ్వాడు. “ఎడమకా? నేనేమన్న పీనుగు సుట్టు తిరిగిన్నా మేడం?”

క్లబ్‌హౌస్ స్థలానికి నాలుగు మూలల్లో తప్ప లోపల ఎక్కడా కర్ర పెట్టలేదని అతను చెప్పాడు.

“చెత్త డేటా. తీసెయ్,” అన్నాడు రవికిరణ్.

డెమో అయ్యాక తీస్తానని ప్రశాంతి చెప్పింది.

మధ్యాహ్నం సాయమ్మ కప్పులు తీసుకెళ్లడానికి వచ్చింది. ఆమె ఆ అంతస్తులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. తెర మీద ప్లాట్ల కింద ఉపగ్రహం తీసిన ఫొటో ఉంది. సాయమ్మ ఆగింది.

“గిది మా ఊరి చెరువు గాదా బిడ్డా?”

“మీది ఆ ఊరేనా?”

“ఆ ఊరే. గట్టు కింద గిదంత మా బొందలగడ్డ ఉండె.”

సాయమ్మ కూతురు మమత నాలుగేళ్ల వయసులో జ్వరంతో చనిపోయింది. పన్నెండేళ్లయింది. అక్కడే పూడ్చి గుర్తుకు రాయి పెట్టారు. నిరుడు బిల్డర్ నేల చదును చేయించినప్పుడు రాయి పోయింది. పునాది తవ్వేలోపు ఎముకలు తీసుకుంటామని సాయమ్మ, ఆమె భర్త యాదయ్య సైటు చుట్టూ తిరిగారు. చోటు చూపిస్తే తవ్వుకోమన్నారు సైటువాళ్లు. వీళ్లు చూపించలేకపోయారు. గురువారం పొద్దున క్లబ్‌హౌస్ పునాదికి జేసీబీ వస్తుంది.

సాయమ్మ తెర దగ్గరికి వేలు తెచ్చింది. “గీ సిన్నది ఏంది?”

“తెలీదు సాయమ్మా. ఎవరూ కొలవలేదంటున్నారు.”

“తల ఎటుంది?”

“బొమ్మకి తల ఉండదు. నాలుగు మూలలు, అంతే.”

“మరి మొదలు యాడ వెట్టిండ్రు?”

ప్రశాంతి ఫైలు చూసింది. మొదటి బిందువు దక్షిణపు అంచులో ఉంది. అదే చెప్పింది.

సాయమ్మ చేతిలోని ట్రే బల్ల మీద పెట్టింది. “జర ఆ జాగ మా ఆయన ఫోన్‌కు పంపు బిడ్డా.”

రవికిరణ్ కుర్చీ తిప్పాడు. “ఎవరూ కొలవని పాయింటు పంపుతావా? రేపు బిల్డర్ వచ్చి నా మీద పడితే?”

“లొకేషనే కదండీ.”

“నేను చూళ్లేదు,” అని అతను మళ్లీ కుర్చీ తిప్పుకున్నాడు.

ప్రశాంతి పంపింది.

బుధవారం పొద్దున యాదయ్య, సాయమ్మ పారలతో సైటుకు వెళ్లారు. సైటు మేనేజర్ పార్థసారథి గేటు దగ్గర ఆపాడు.

“ఇన్నాళ్లూ తెలీదన్నారు. ఇప్పుడు ఇక్కడేనని ఎవరు చెప్పారండీ?”

“కంప్యూటర్ జెప్పింది సార్,” అన్నాడు యాదయ్య.

“ఏ కంప్యూటర్?”

“మీదే.”

పార్థసారథి ఫోన్‌లోని చుక్కను చూశాడు. పోలీస్ స్టేషన్‌కు, తహసీల్దార్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. కానిస్టేబుల్, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వచ్చాక తవ్వకం మొదలైంది. నడుము లోతులో చిన్నపిల్ల ఎముకలు దొరికాయి. తల దక్షిణానికి ఉంది. నడుము దగ్గర వెండి బిళ్ల దొరికింది. దాని అంచు విరిగి ఉంది. పాప కొరికి విరిచిందని సాయమ్మ చెప్పింది. అధికారులు పంచనామా రాసుకుని ఎముకలు అప్పగించారు.

మధ్యాహ్నం వాటిని ఊరి శ్మశానమైన వైకుంఠధామంలో పూడ్చారు. యాదయ్య గుంత చుట్టూ ఎడమకు మూడుసార్లు తిరిగాడు.

గురువారం ఉదయం ప్రశాంతి ఆ నాలుగు బిందువులు తీసేయడానికి ఫైలు తెరిచింది. క్లబ్‌హౌస్ స్థలంలో ఏమీ లేదు.

“మీరు తీసేశారా సార్?”

“నేనెందుకు తీస్తాను? తీయమని నీకు చెప్పాను.”

ఫైల్లో మొత్తం బిందువులు ఎన్నని చూసింది. ఒక్కటీ తగ్గలేదు. తెర మీద లేఅవుట్‌ను చిన్నది చేసి చుట్టుపక్కల చూసింది. తూర్పున కిలోమీటరున్నర దూరంలో, ఒక ప్రహరీ లోపల, ఆ దీర్ఘచతురస్రం ఉంది.

సాయమ్మ ఆ రోజు డ్యూటీకి వచ్చింది. ప్రశాంతి పిలిచి చూపించింది.

“గక్కడనే,” అంది సాయమ్మ. “వేపచెట్టు పక్కకు. నీకెవరు జెప్పిండ్రు?”

ప్రశాంతి వీరేశానికి ఫోన్ చేసింది. వైకుంఠధామం దిక్కు తను ఎన్నడూ పోలేదని అతను చెప్పాడు. కర్ర, దాని మిషను సోమవారం నుంచి ఆఫీసులో పెట్టెలోనే ఉన్నాయన్నాడు.

ఫైల్లో చివరి మార్పు జరిగింది సోమవారం సాయంత్రమని కంప్యూటర్ చూపించింది.