తవ్విన దుంపల జోలికి రావద్దు

"ఈసారి ఒట్టు వదినా! 'షిరాంపురీ' అని గబుక్కున అనేయ్. పరదేశీల చెవికది 'సిట్ డౌన్ ప్లీజ్' లాగే పడుతుంది," అన్నాడు సెంకిచి.

కినుయో నమ్మలేదు. షిరాంపురీ అంటే తమ జపాను మాటలో ఎరగనట్టు నటించడం. గడప తొక్కిన మనిషిని పట్టుకుని అనే మాటేనా? పైగా చెబుతున్నది ఈ మరిది. నిరుడు ఇలాగే, థాంక్యూ కంటే మర్యాదైన మాటంటూ "ఐ యామ్ హంగ్రీ" నేర్పాడు. పిచ్చి మాలోకం, వెళ్లే ప్రతి ఒక్కరికీ వంగి వంగి అదే చెప్పింది. ఒక ముసలాయన జాలిపడి చేతిలో అరటిపండు పెట్టి వెళ్లాడు.

కానీ వేరే దారేదీ? వేడినీటి ఊటల కోసం బస్సులో దిగే పరదేశీలంతా ఎదుటి మసాయే కొట్టుకే పోతున్నారు. ఆవిడకు నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చు మరి. ఈ చలికాలమూ ఇలాగే గడిస్తే కినుయో తన నూడుల్స్ కొట్టు మూసేసి, ఆ మసాయే దగ్గరే పనికి చేరాలి.

ఆ మధ్యాహ్నం పొడుగాటి జంట ఒకటి గుమ్మం తెర ఎత్తి తొంగిచూసింది. అవతల నుంచి మసాయే చెయ్యి ఊపుతోంది. కినుయో కళ్లు గట్టిగా మూసుకుని "షిరాంపురీ!" అని అరిచింది.

ఇద్దరూ బుద్ధిగా కూర్చున్నారు!

కినుయో కాళ్లు నేల మీద నిలవలేదు. పొయ్యి మీద చేమదుంపలు కుతకుతలాడుతుంటే, ఇంకో బుట్టెడు ముందుకు లాక్కుని తొక్క తీయబోయింది. అంతలో ఆ జంటలోని మగాయన సూటిగా చూసి, అచ్చమైన జపాను భాషలో అన్నాడు:

"హొత్తా ఇమో ఇజిరునా?"

తవ్విన దుంపల జోలికి రావద్దట!

"నా కొట్టు, నా దుంపలు! మధ్యలో నువ్వెవడివయ్యా? ముందు ఇది తిని మాట్లాడు!" అంటూ గిన్నెడు వేడి దుంపలు ఆయన ముందు టప్పున పెట్టింది.

వంటింట్లో సెంకిచి పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. "అయ్యో వదినా, ఆయన అడిగింది టైమెంతని! వాట్ టైమ్ ఈజ్ ఇట్ నౌ! గబగబా అంటే మనకలా వినబడుతుందంతే!"

"నోర్ముయ్! మళ్లీ కోతలా?"

ఆ మనిషి చేతి గడియారం పెట్టుకునే చోట వేలితో తట్టి చూపించాడు. కినుయో మొహం కందగడ్డైంది. కానీ అప్పటికే ఆయన ఒక దుంప నోట్లో వేసుకున్నాడు. ఇక టైము సంగతే మరిచాడు. బయట బస్సు హారన్ మోగింది. భార్య కూడా గిన్నె వదల్లేదు.

చివరికి బస్సు గైడు రుసరుసలాడుతూ లోపలికొచ్చాడు. భార్య అతని నోట్లోనూ ఒక దుంప పెట్టింది. అతను నమిలాడు, గుటక వేశాడు, గుమ్మంలోకెళ్లి బస్సులో వాళ్లందర్నీ కేకేశాడు.

"చూశావా వదినా, నా చదువు!" అన్నాడు సెంకిచి.

"చూశాన్లే, కత్తి పట్టు. బుట్టెడూ నువ్వే తొక్క తీయాలి."