మొద్దోడు

అట్టపెట్టె మీద అంటించిన సైజు చీటీ వైపు జగదీశ్వర్ చూడలేదు. గాజుల వరసలోకి నాలుగు వేళ్లు దూర్చి, వదులు చూసుకుని, పెట్టెను కుడివైపు అరలోకి నెట్టాడు. చిన్నప్పటి నుంచీ లాడ్ బజార్‌లోని ఆ దుకాణంలో ఇదే పని. పగిలిన గాజులు గీరుకుని గీరుకుని వేళ్ల చివర్లు గరుకుదేలాయి. చీటీ మీది అంకెలు అతనికి ఎప్పుడూ నిలకడగా కనిపించవు. ఆరు తొమ్మిదవుతుంది. అక్షరాలైతే ఒకదాని మీదొకటి ఎక్కుతాయి.

పొద్దు వాలాక చేతులు దులుపుకుని, "తారిక్ భాయ్, క్లాసుకు పోతున్న" అన్నాడు.

గల్లా దగ్గర కూర్చున్న యజమాని నవ్వాడు. "పో పో. కలెక్టరువైనంక మమ్మల్ని యాది పెట్టుకో."

కిందటేడు తండ్రి మల్లన్నను పెద్దాసుపత్రికి తీసుకెళ్లినప్పుడు, బోర్డులు చదవలేక ఒకే వరండాలో మళ్లీ మళ్లీ తిరిగాడు జగదీశ్వర్. చక్రాల కుర్చీలోని తండ్రి అందరికీ వినిపించేలా "మొద్దోడా!" అని అరిచాడు. ఆ వారమే ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పేరిచ్చాడు. అప్పటికి అతనికి నలభై నాలుగేళ్లు.

ఆ సాయంత్రం టీచర్ మహేశ్వరి అతన్ని పక్కకు పిలిచింది. కొన్నాళ్ల కిందట ఆమే అతన్ని డాక్టరు దగ్గరికి పంపింది. ఆ రిపోర్టు ఇప్పుడు ఆమె చేతిలో ఉంది.

"అన్నా, మీకున్నదాన్ని డిస్లెక్సియా అంటరు. పుట్టుకతోనే వస్తది. తెలివి తక్కువని కాదు. అక్షరాలు మీకు వేరే తీరుగ అందుతయి, అంతే. పరీక్షల మీరు చెప్తుంటే రాసేటోళ్లను ఇస్తరు."

"చిన్నప్పుడు గూడ గిదేనా మేడం?"

"అప్పుడు గూడ గిదే."

అతనికి సంతోషం కలగలేదు. రైలు పట్టాల పని నుంచి వచ్చిన బాపు నడుము బెల్టు తీయడం కళ్ల ముందు కదిలింది. పలక మీద తప్పు రాసిన ప్రతిసారీ ఒక దెబ్బ. ఐదో తరగతిలో బడి మాన్పించి గాజుల దుకాణంలో పడేసింది కూడా బాపే.

జహనుమాలోని ఇంటిదాకా నడిచే వచ్చాడు. దారి పొడవునా ఆ కొత్త పేరును తప్పు పోకుండా నోట్లో తిప్పుకున్నాడు.

మల్లన్న మంచంలో గోడకు ఆనుకుని ఉన్నాడు. ఊపిరితిత్తులు చెడి, పక్కటెముకలు చొక్కాలోంచి తేలి కనిపిస్తున్నాయి. జగదీశ్వర్ కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాడు. తండ్రి కళ్లు మూసుకునే విన్నాడు.

"అంటే నీ మెదడు ఖరాబని డాక్టరే చెప్పిండా?" అన్నాడు చివరికి. "నేను అప్పుడే చెప్పిన గదరా. పో, జర చాయ్ పెట్టు."

జగదీశ్వర్ పాలు పొయ్యి మీద పెట్టాడు. ఈసారి తల దించుకోదలచుకోలేదు. అనాల్సిన మాటను పొయ్యి ముందు నిలబడి కూడబలుక్కున్నాడు. చాయ్ సాసర్లో పోసి, ఊది, తెచ్చి మంచం పక్క స్టూలు మీద పెట్టాడు.

"బాపు, నువ్వు నన్ను..."

మల్లన్న తల భుజం మీదికి వాలి ఉంది. నోరు కాస్త తెరుచుకుంది. ఎదలో కదలిక లేదు.

"...ఊకెనే కొట్టినవు. నేను మొద్దును గాదు." జగదీశ్వర్ ఆ మాటను చివరిదాకా అన్నాడు. గదిలో అది చాలా చిన్నగా వినిపించింది.

ముందుగా వచ్చింది పక్కింటి కృష్ణయ్య. శవం దవడకు గుడ్డ కట్టి, జగదీశ్వర్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏడ్వకురా. ముసలాయన ఎప్పుడు నీ ముచ్చటే చెప్తుండె. కొడుకు మొద్దోడే గాని, నన్ను మస్తు మంచిగ చూసుకుంటుండు అని."

జగదీశ్వర్ తల ఊపాడు.

స్టూలు మీది సాసర్లో చాయ్ చల్లారి మీగడ కట్టింది.