తోడికోడలి కడుపు

ఎర్రగుంట్ల పక్క పల్లెలో ఏసన్న ఇంటి కోడళ్ళిద్దరూ ఒకేసారి నీళ్ళోసుకున్నారు. పెద్దకోడలు దీవెనకు పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు నిలిచిన కడుపది. చిన్నకోడలు క్రిస్టినా కాపురానికొచ్చి ఏడాది కూడా తిరగలేదు.

క్రిస్టినాకు వేవిళ్ళు లేవు, నీరసం లేదు. "మా చిన్నదానికి కడుపుతో ఉండే కష్టమే తెలీదు" అని అత్త జీవమ్మ చర్చిలో అందరితో చెప్పి మురిసిపోతుంటే దీవెనకు ఒళ్ళు మండిపోయేది. మోకాళ్ళు కాయలు కాసేలా ప్రార్థించింది తాను. అడక్కుండానే దొరికింది దానికి.

ఎనిమిదో నెల రాగానే దీవెన కాళ్ళూ చేతులూ ఉబ్బాయి. తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు. నోరు విప్పితే మళ్ళీ చిన్నదానితో పోలుస్తారని ఎవరికీ చెప్పలేదు. చివరికి కనిపెట్టింది క్రిస్టినాయే.

"అక్కా, మొగమంతా ఉబ్బిండాది. ఆసుపత్రికి పోదాం పా."

"నాకేం కాలేదు. నీ పని చూసుకో."

"నువ్వు రాకుంటే ఇప్పుడే బావకు ఫోన్ చేస్తా."

భర్తకు తెలిస్తే ఇల్లంతా తెలిసినట్టే. దీవెన ఏడుపుమొగంతో ఆటో ఎక్కింది.

బీపీ చూసి డాక్టరమ్మ కంగారుపడింది. వెంటనే స్కానింగ్ చేస్తూ ఒకచోట చాలాసేపు ఆగింది.

"బిడ్డ ఊపిరితిత్తులకు రక్తం ఎట్లా పోతాందో చూస్తున్నానమ్మా. ఇప్పుడు పుడితే ఊపిరికి ఇబ్బంది పడేటట్టుండాది. ఖాయంగా చెప్పలేను. కానీ నీ బీపీకి ఎక్కువ రోజులు ఆగలేం. ఊపిరితిత్తులకు బలమిచ్చే ఇంజెక్షన్ చేస్తా. పసిబిడ్డల ఐసీయూ ఉండే ఆసుపత్రికి, కడపకు పోండి."

దీవెన చూపు పక్కన నిలబడ్డ క్రిస్టినా కడుపు మీద పడింది.

"నీకన్నీ బాగుండాయి. నా బిడ్డకే ఊపిరాడదంట. ఇప్పుడు చల్లగుండాదా నీ కడుపు?"

క్రిస్టినా ముఖం పాలిపోయింది. అయినా దీవెన విడిచిన చెప్పులు చేతబట్టుకుని ఆమె వెంటే అంబులెన్స్ ఎక్కింది.

కడపలో రెండు రోజులు కూడా ఆగలేకపోయారు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగబిడ్డ. ఏడుపు పిల్లికూన మూలిగినట్టుంది, డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. స్కానింగ్ సంగతి ముందే తెలుసు కాబట్టి పిల్లల డాక్టరు అక్కడే కాచుకుని ఉండి, పుట్టీ పుట్టగానే ఊపిరి మిషను పెట్టాడు.

ఐసీయూలోకి తల్లిని తప్ప ఎవరినీ పోనివ్వరు. దీవెన వారమంతా గోడ పట్టుకుని నడిచిపోయి చూసొచ్చేది. క్రిస్టినా తలుపు దగ్గరే నిలబడేది. దీవెనకున్న హక్కు చిన్నదానికి లేకపోవడం అదే మొదటిసారి. దీవెనకు లోలోపల తృప్తిగానే ఉండేది.

వారం చివర ఒకరోజు దీవెన బయటికి రాగానే క్రిస్టినా ఎదురొచ్చింది.

"ఎట్లుండాడక్కా?"

"మిషను తీసేసినారు. వాడే ఊపిరి తీసుకుంటాండాడు."

క్రిస్టినా అక్కడే బోరున ఏడ్చేసింది. నిండుకడుపు ఎగిరెగిరి పడుతోంది. ఆ కడుపును చూస్తే దీవెనకు ఇంకా ఎక్కడో కొంచెం కలుక్కుమంది. అయినా బల్ల మీద కూర్చుని పక్కకు జరిగింది.

"నిలబడింది చాలు. కూచో."

క్రిస్టినా కూచుంది. వాడి ముక్కు ఎవరి పోలికో దీవెన మెల్లగా చెప్పసాగింది.