హోరు కింద ఇళ్లు

గుండీలక్క కూతురిని మట్టి చేసి వచ్చేసరికి, కాంట్రాక్టరు మనుషులు ఆమె ఇంటి కప్పు మీద ఎర్రరంగు గుర్తు వేసి దిగుతున్నారు. ఉన్న కరెంటు తీగల పక్కనే ఇంకో వరస తీగలు లాగుతారట. కళ్లారా చూశాను. ఒక్కడూ తలెత్తి ఆ తల్లి ముఖం చూడలేదు.

మాది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ వాళ్ల వాడ. గుండీలు కుట్టేది కాబట్టి ఆమె గుండీలక్క. మా వరస ఇళ్ల మీదుగా పెద్ద తీగలు పోతాయి. మబ్బు పడితే వాటి హోరు చెవుల్లో దూరుతుంది. మా ఆడవాళ్లు దాన్ని జోలపాట అనుకున్నారు. ఆ హోరుకి పసివాళ్లు కిక్కురుమనకుండా నిద్రపోతారని ఉయ్యాలలన్నీ తీగల కిందికి చేర్చి, అవతలి వరస పెద్దమ్మను కాపలా పెట్టి పనికి పోయేవాళ్లు. నవ్వకండి. ఒళ్లు హూనమైన తల్లికి బిడ్డ నిద్రపోతే అంతే చాలు.

గుండీలక్క పాపకు రక్తంలో జబ్బు పుట్టింది. తీగల వల్లేనా అంటే డాక్టరు, "అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను" అన్నాడు. ఆ మాటే గుండీలక్కను నమిలి మింగింది. ఇప్పటికీ హోరు వినబడితే ఆమె చెయ్యి దానంతటదే ఊగుతుంది, అక్కడింకా ఉయ్యాల ఉన్నట్టు. నాకు భయమేసి ముఖం తిప్పుకుంటాను.

కొత్త తీగలు ఆపాలని నీళ్ల పంపు దగ్గర మీటింగు పెట్టాం. పెద్దమ్మ అడ్డం తిరిగింది.

"ఉయ్యాలలు ఊపింది నేను. తీగలే చంపాయంటే, నేను చంపినట్టేగా? నేనొప్పుకోను."

"నిన్నెవరన్నారు పెద్దమ్మా?" అంది గుండీలక్క. "ఫ్యాక్టరీ ఓనరు బంగళా దగ్గర తీగలు వంపు తిరిగి పోయాయి, చూశావా? వాళ్లు భయపడితే తీగలు జరుగుతాయి. మనం భయపడితే రుజువు తెమ్మంటారు."

పెద్దమ్మ బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

తీగ లాగాలంటే ముందు తాడు ఇళ్ల మీదుగా పరవాలి. వాళ్లు తాడు తెచ్చిన రోజు మేం పని మానేసి కప్పులెక్కాం.

"హాని ఉందని రుజువేది?" ఇంజనీరు కిందనుంచి అరిచాడు.

"లేదని మీరే రుజువు తెండి సార్," అంది గుండీలక్క. "అందాకా మా నెత్తి మీద వద్దు."

"మనుషుల మీదుగా మేం లాగం," అంటూ తాడు పట్టిన కూలీ ఒకడు దాన్ని వదిలేశాడు. మిగతావాళ్లూ వదిలేశారు.

పోలీసులు గుండీలక్కను దింపి వ్యాన్‌లోకి తోశారు. ఇంజనీరు ఖాళీ అయిన ఆమె కప్పు చూపించి, ముందు దాని మీదుగా పరవడానికి తన సూపర్‌వైజర్లనే తాడు అందుకోమన్నాడు.

అప్పుడు పెద్దమ్మ వచ్చింది. మోకాళ్ల నొప్పితో ఒక్కో మెట్టు మీద ఆగుతూ నిచ్చెన ఎక్కి, ఎర్రగుర్తు మీద చతికిలబడింది.

"ముసలమ్మా, ఇది నీ ఇల్లు కాదుగా, దిగు," అన్నాడు ఇంజనీరు.

"కాదు నాయనా. నేను ఊపిన పిల్ల ఇల్లిది."

తమ ఇళ్ల మీద తీగలు లేని అవతలి వరస వాళ్లు కూడా ఒకరి వెనక ఒకరు పైకెక్కడానికి నిచ్చెన పట్టుకున్నారు.